చెంచాముక్కు

కారు నడిరోడ్డు మీద గక్కున ఆగిపోయింది. ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. స్టీరింగు పట్టుకున్న మరదలు బ్రేకు జోలికే పోలేదు. అది ఆమె నడిపే డ్రైవింగ్ స్కూలు కారు. నేర్పేవాళ్ళ కోసం పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆ సీట్లో ఈరోజు వదిన కూర్చుంది.

వెనకాల లారీవాడు హారను మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

“వదినా! కాళ్ళు తీసి సీటు మీద పెట్టుకుంటావా, ఇక్కడే దిగిపోతావా?”

“నేనేం చేశానే! కాలు దానంతటదే పోయింది. అటు చూడు, కరెంటు తీగ మీద... అయ్యో, నీ అరుపుకి ఎగిరిపోయింది.”

“ఏమిటది?”

“గద్ద.”

“గద్ద కోసం లారీ కింద పడేవాళ్ళం. రేపు పేపర్లో రాసేవాళ్ళు, డ్రైవింగ్ టీచరుకి డ్రైవింగ్ రాదని.”

వదిన చెప్పులు విడిచి, బుద్ధిగా కాళ్ళు సీటు మీదికి మడిచి పెట్టుకుంది. బైనాక్యులర్ మాత్రం మెడలోంచి తియ్యలేదు. ఊళ్ళో అందరికీ కారు నేర్పిన మరదలు ఈవిడకి నేర్పలేక చేతులెత్తేసింది. కూడలిలో ఎర్ర లైటు చూడమంటే దాని మీద వాలిన పిట్టని చూసే మనిషికి ఎవరు మాత్రం ఏం నేర్పుతారు? అందుకే పక్షుల సంఘం వాళ్ళ మూడు రోజుల యాత్రకి మరదలే సెలవు పెట్టి తీసుకొస్తోంది. పక్షుల మీద ఆమెకి ప్రత్యేకమైన ప్రేమేం లేదు. వదిన మీద ఉంది.

వదిన కట్టుడు పళ్ళు చేస్తుంది. ఇంటి ముందు గదే ఆవిడ పనిచోటు. గోరు సందుల్లో ఎప్పుడూ గులాబీ రంగు మైనం, ముంగురుల మీద సుద్దపొడి. తెలుపులో ఎన్ని తెలుపులుంటాయో మరదలికి అక్కడే తెలిసింది. డబ్బాలో వరసగా గుచ్చిన నమూనా పళ్ళు పట్టుకుని, వచ్చిన మనిషిని కిటికీ దగ్గర నిలబెట్టి, “ఇది కాదు, కాస్త పొగ రంగు కలవాలి” అంటుంది. పొగ రంగేమిటో ఎదుటివాడికి అర్థం కాదు. పళ్ళు పెట్టుకున్నాక మాత్రం అవి అతని సొంత పళ్ళలాగే ఉంటాయి. ఊళ్ళో సగం మంది పెద్దవాళ్ళ నవ్వు ఆవిడ చేతి చలవే.

రిజర్వాయరు చేరేసరికి సంఘం కార్లు గట్టు మీద ఆగి ఉన్నాయి. అందరికన్నా పొడుగ్గా, నడుం నిటారుగా నిలబడి ఉన్నాయన సంఘం కార్యదర్శి. భూముల సర్వే చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ కొలత వేస్తున్నట్టే అడుగు తీసి అడుగు వేస్తాడు. ఆయన పక్కన ఎలక్ట్రికల్ షాపు ఆయన ఒకడు, కెమెరాకి రోకలంత లెన్సు తగిలించుకుని. ఆయన్ని అందరూ లెన్సు అనే పిలుస్తారు.

వదిన కారు దిగీ దిగగానే లెన్సు గొంతు వినిపించింది.

“వచ్చారా చెంచా మేడమ్! ఈసారైనా పిట్ట ముక్కు కడిగి చూపిస్తారా?”

నలుగురూ నవ్వారు. వదిన కూడా పెదవులు కదిపింది, కానీ అది నవ్వు కాదు. వంగి, దూరపు పిట్టల్ని చూసే స్కోపు స్టాండు కాళ్ళు లాగి, మరలు బిగించడం మొదలుపెట్టింది. మామూలుగా రెండు తిప్పులకి బిగుసుకునే మరని ఇంకా తిప్పుతూనే ఉంది.

“ఏమిటి వదినా అది? చెంచా ఏమిటి?”

“ఏం లేదులే.”

మరదలు ఊరుకునే రకం కాదు. నేరుగా కార్యదర్శి దగ్గరికే వెళ్ళి అడిగింది. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“చెంచాముక్కు ఉల్లంకి అని బురదలో మేసే పిట్ట ఒకటి ఉందమ్మా. ఇంతే ఉంటుంది, పిడికిలంత. ముక్కు చివర చెంచాలా వెడల్పుగా ఉంటుంది. మొత్తం లోకంలోనే కొన్ని వందలు మిగిలాయంటారు. పోయినేడాది ఉప్పుమడుల దగ్గర మీ వదినగారు దాన్ని చూశానన్నారు. ఆవిడ ఒక్కరే. ఫోటో లేదు.”

“అయితే?”

“మామూలు ఉల్లంకి ముక్కుకి బురద ముద్ద అంటుకున్నా అచ్చం అలాగే కనిపిస్తుంది. మీటింగులో ఆ మాటే అన్నాను. వీళ్ళు దాన్ని పట్టుకుని...” అని లెన్సు వైపు చెయ్యి ఊపాడు.

“మరి ఆవిణ్ణి మీరేం అడిగారు?”

“అడగడానికేముందమ్మా? ఫోటో లేదుగా.”

ఆయన కటువుగా అనలేదు. గట్టు పొడుగెంతో చెబుతున్నట్టు చెప్పాడు. మరదలికి ఒళ్ళు మండింది. తిరిగొచ్చేసరికి వదిన స్కోపుకి కన్ను ఆనించి ఉంది.

నీళ్ళ మీద బాతులు నల్లగా, లెక్కలేనన్ని. అందరూ వెతుకుతున్నది తెల్లతల బాతు కోసం. దారి తప్పి ఒక్కటంటే ఒక్కటి వచ్చిందని వారం నుంచీ కబురు. మిగతావాళ్ళు బైనాక్యులర్లు అటూ ఇటూ ఊపుతున్నారు. వదిన ఊపలేదు. ఎడమ చివర మొదలుపెట్టి, ఒక్కో బాతునీ చూసి, వదిలి, పక్కదానికి వెళుతోంది. తల రెక్క కింద దూర్చి నిద్రపోతున్న బాతు ఎదురైతే అది తల ఎత్తేదాకా ఆగుతోంది.

“అది నిద్ర లేవకపోతే?” అంది మరదలు.

“లేస్తుంది. ఎంతసేపని పడుకుంటుంది?”

“మా స్టూడెంట్ల సంగతి నీకు తెలీదు.”

కాసేపటికి వదిన వీపు బిగుసుకుంది. “ఉంది” అంది మెల్లిగా. గట్టు మీద అందరూ పరిగెత్తుకొచ్చారు. లెన్సు రోకలి ఎత్తాడు. వదిన కన్ను తియ్యకుండానే చెయ్యి అడ్డంగా ఊపింది.

“కాదు. క్షమించండి. నీళ్ళ మీద ఎండ పడి తల తెల్లగా కనిపించింది.”

“మొదలెట్టారమ్మా” అన్నాడు లెన్సు, చిన్నగానే అయినా అందరికీ వినిపించేలా.

మరదలికి తల కొట్టేసినట్టయింది. వదినకి అలాంటిదేం లేదు. తప్పు దిద్దుకున్న పిల్ల మళ్ళీ రాసుకోవడానికి కూర్చున్నట్టు, వదిలిన చోటి నుంచే మళ్ళీ చూడటం మొదలుపెట్టింది. అందరూ ఫ్లాస్కులు తీసి టీలు తాగారు. ఎండ భుజాల మీదికి ఎక్కింది. అవతలి ఒడ్డున రెల్లు పొదల దగ్గర, ఎవరూ చూడని మూల, తోక నిక్కబొడుచుకుని తిరుగుతున్న ఒక మొద్దు బాతు దగ్గర ఆవిడ చాలాసేపు ఆగింది. అది మునిగింది. లేచింది. పక్కకి తిరిగింది.

“కార్యదర్శి గారూ, మీరొకసారి చూడండి” అంది, స్కోపు దగ్గర నుంచి తప్పుకుంటూ.

ఆయన వంగి చూశాడు. మర తిప్పి మళ్ళీ చూశాడు. “బాగా పట్టారమ్మా” అన్నాడు చివరికి.

ఆ తర్వాత తోసుకోవడాలు, ఫోటోలు, అరుపులు. మరదలు కూడా వంతు వచ్చాక చూసింది. తెల్లటి తల, ఉబ్బిన నీలం ముక్కు, ఎవరో బొమ్మకి రంగు వేస్తూ మధ్యలో వేరే బొమ్మ గుర్తొచ్చినట్టు. నవ్వొచ్చింది. నవ్వుతూ పక్కకి చూస్తే వదిన ఒడ్డున కూర్చుని, మడమ దగ్గర గుచ్చుకున్న ముల్లు తీసుకుంటోంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

*

మర్నాడు అడవి. దారంతా మరదలు అదే మాట.

“అన్నయ్యకైనా చెప్పావా?”

“చెప్పాను.”

“ఏమన్నాడు?”

“పోనీలే, ఇంకోటి చూడు అన్నారు. పళ్ళ సెట్టు పోయిందన్నా అదే అంటారు.”

“నువ్వు వాళ్ళతో పోట్లాడొచ్చుగా! నోరు కుట్టేసుకుని కూర్చుంటే ఎవడైనా నవ్వుతాడు.”

“పోట్లాడాను. ‘చూశాను’ అన్నాను. ‘బురద’ అన్నారు. మళ్ళీ ‘చూశాను’ అన్నాను. అంతకన్నా ఏం పోట్లాడతారే?” వదిన కిటికీ అద్దం మీది ఆవిరి వేలితో తుడిచింది. “నువ్వు రోడ్డు చూడు.”

అడవిలో వెతికేది నల్ల వడ్రంగి పిట్ట. మూరెడు పొడుగు, ఎర్ర కుచ్చు, కొడితే అడవంతా మోగుతుందట. వాన మొదలైంది. చినుకు కాదు, ఆగని ముసురు. లెన్సు కెమెరాకి ప్లాస్టిక్ సంచీ కట్టుకుని కార్లోనే కూర్చుండిపోయాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే గెస్టుహౌసు వైపు జారుకున్నారు. వదిన మాత్రం చెట్టు చెట్టుకీ ఆగి, బెరడు మీద కొత్తగా చెక్కిన గుర్తులున్నాయేమో వేళ్ళతో తడిమి చూస్తూ ముందుకి నడిచింది. మరదలు గొడుగు పట్టుకుని వెనకాల.

ఉన్నట్టుండి, టక్. టక్ టక్.

ఇద్దరూ బిగుసుకుపోయారు. వాన చప్పుడుకి పైన, స్పష్టంగా మళ్ళీ టక్ టక్ టక్.

వదిన చెయ్యి వెనక్కి చాచి మరదలి మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఇద్దరూ వంగి, పొదల కింద నుంచి, బురదలో చెప్పులు ఊడిపోతుంటే పట్టుకుని, చప్పుడు వైపు పాకినంత పని చేశారు. చప్పుడు ఆగితే ఆగారు, మోగితే కదిలారు. మరదలి గుండె అంత గట్టిగా కొట్టుకోవడం, మొదటిసారి ఒక స్టూడెంటు కారుని కాలవ అంచుకి తీసుకెళ్ళినప్పుడు తప్ప ఎప్పుడూ లేదు.

ఆఖరి పొద పక్కకి తప్పించేసరికి ఎదురుగా గెస్టుహౌసు వెనక గోడ. నిచ్చెన మీద, నెత్తిన గోనెసంచీ కప్పుకుని, చూరు కింద చెక్కకి మేకులు కొడుతున్న మనిషి వాళ్ళని చూసి సుత్తి ఆపాడు.

“ఎవరు కావాలమ్మా?”

మరదలికి నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని అక్కడే కూలబడింది. “మా వదిన వడ్రంగిని వెతుకుతోందన్నా! దొరికావు!”

అతనికి ఏమీ అర్థం కాలేదు, కానీ పిట్ట సంగతి చెప్పాక తనూ నవ్వాడు. దాన్ని నెల కిందట చూశానన్నాడు, ఆ తర్వాత జాడ లేదన్నాడు. వదిన అతన్ని ఏ చెట్టు, ఎంత ఎత్తున, ఒంటరిగానా జంటగానా అని అడిగింది. అతను సుత్తితో గాల్లో చూపిస్తుంటే ఎంతో శ్రద్ధగా తలాడించింది. ఆ చెట్టు కిందకి వెళ్ళి సాయంత్రం దాకా నిలబడింది కూడా. ఏమీ రాలేదు. తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ కారెక్కింది.

“అయ్యో వదినా, రోజంతా పోయింది.”

“పోవడమేమిటే? వాన పడినప్పుడు ఆ చెట్ల మీద ఏవి ఉంటాయో చూశాను కదా. రానివాటిని చూడటానికి కూడా రావాలి.”

మరదలు హీటరు వేసి, దాని గాలి వదిన పాదాల వైపు తిప్పింది.

*

మూడో రోజు తెల్లవారుతూనే ఉప్పుమడులు. చదునైన నేల మీద గీసిన గళ్ళలా మడులు, మధ్యన సన్నని గట్లు, తెల్లటి ఉప్పు కుప్పలు. దూరంగా సముద్రం. పోటు వేళకి బురదనేలంతా నీళ్ళలో మునిగిపోతుంది. అప్పుడు ఉల్లంకులన్నీ లేచొచ్చి ఈ మడుల్లో గుంపులుగా నిలబడతాయి. ఆటు మొదలయ్యాక మళ్ళీ బురదలోకి వెళ్ళిపోతాయి. ఇది వదిన చెప్పింది. చెబుతున్నంతసేపూ గొంతు తగ్గించే ఉంది.

ఆ చోటికి ఆవిడ ఏడాది తర్వాత వస్తోందని మరదలికి గుర్తొచ్చింది.

పిట్టలు వేలల్లో ఉన్నాయి, బూడిద రంగులో, అన్నీ ఒకేలా. సంఘం వాళ్ళు గట్టు పొడుగునా స్కోపులు నాటారు. ఎండ ముదిరేదాకా చూశారు. ఎవరికీ ఏమీ దొరకలేదు. లెన్సు మొదట చేతులెత్తేశాడు. “టీ కొట్టు తెరిచాడు, పదండి” అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు కదిలారు.

వదిన కదల్లేదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పొద్దుట నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

“లే వదినా. రెండు ముక్కలు బ్రెడ్డు తిని వద్దాం.”

“కాసేపు ఆగవే. ఆ వెనక వరస చూడలేదు.”

“వరస ఎక్కడికీ పోదు. నువ్వు కళ్ళు తిరిగి పడితే అన్నయ్యకి నేను జవాబు చెప్పాలి.” అని చెయ్యి పట్టుకుని లేపింది. వదిన వెనక్కి చూసుకుంటూ చూసుకుంటూ వచ్చింది. గట్టు మీద కార్యదర్శి ఒక్కడే మిగిలాడు.

టీ కొట్టు దగ్గర గ్లాసు సగం కూడా కాలేదు. కార్యదర్శి వస్తూ కనిపించాడు. నడవడం లేదు, పరిగెడుతున్నాడు. కొలిచి కొలిచి అడుగేసే మనిషి గట్టు మీద కాళ్ళు తడబడుతూ, టోపీ చేతిలో పట్టుకుని పరిగెడుతున్నాడు. వచ్చి, కొట్టు గుంజ పట్టుకుని ఆయాసపడ్డాడు.

“చూశాను. చెంచాముక్కు. మూడో మడిలో.”

బెంచీలు వెనక్కి పడ్డాయి. అందరూ పరుగు. వదిన అందరికన్నా ముందుంది. కానీ మూడో మడిలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఓ పక్క మిగిలిపోయిన నాలుగు చిన్న ఉల్లంకులు మాత్రం మడిలో పాతిన కర్ర చుట్టూ తిరుగుతున్నాయి.

“మిమ్మల్ని పిలుద్దామని కన్ను తీసి, టోపీ ఊపాను” అన్నాడు కార్యదర్శి. “ఎవరూ చూడలేదు. మళ్ళీ కన్ను పెట్టేసరికి గద్ద దిగింది. మొత్తం గుంపు లేచిపోయింది.”

“ఫోటో?” అన్నాడు లెన్సు.

“లేదు. చేతులు వణికాయి. ఫోను పడిపోయింది.”

లెన్సు చుట్టూ చూశాడు. ఆ ముఖంలో దురుద్దేశం లేదు. చేతికందిన తమాషాని వదులుకోలేని మనిషి ముఖం, అంతే. “బురదేమో సార్!”

మళ్ళీ నలుగురూ నవ్వారు. “నియమం మీరు పెట్టిందేగా సార్. ఒక్కరే చూసి, ఫోటో లేకపోతే లెక్కలోకి రాదు.”

కార్యదర్శి “నిజమే” అన్నాడు. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది. వంగి ఫోను మీద బురద తుడుచుకోసాగాడు. తుడుచుకోవడానికి అక్కడ అంత బురద లేదు.

బాగా అయింది అనుకుంది మరదలు. ఆ మాట పైకే అనబోయి వదిన వైపు తిరిగింది. పక్కన వదిన లేదు.

ఆవిడ కార్యదర్శి స్కోపు దగ్గర నిలబడి ఉంది. కొంగుతో అద్దం తుడవబోయి ఆగి, “మీరు దీన్ని కదిలించారా?” అని అడిగింది.

“లేదమ్మా. గద్ద దిగినప్పుడు ఎలా ఉందో అలాగే వదిలేసి వచ్చాను.”

వదిన కన్ను ఆనించింది. స్కోపు ఆ కర్ర దగ్గరి మామూలు ఉల్లంకుల మీదే ఉంది. వాటి వైపు చాలాసేపు చూసింది. “ఇక్కణ్ణుంచి వీటి ముక్కు కొన కూడా తెలుస్తోంది” అంది, తనలో తను అనుకున్నట్టు. తర్వాత ఆయన వైపు తిరిగింది.

“ఎండ ఎటు ఉంది?”

“నా వీపు వైపు.”

“పక్కకి తిరిగినప్పుడు చూశారా, ఎదురుగా తిరిగినప్పుడా?”

“రెండూ. పక్కనుంచి చూస్తే మామూలుగానే ఉంది. కాస్త మొద్దుగా, అంతే. నేను వదిలేయబోయాను. ఎదురుగా తిరిగింది. అప్పుడు...” ఆయన రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పెట్టి చూపించాడు.

“రెండు పక్కలా సమంగా ఉందా? ముద్ద ఒకవైపు ఎక్కువ ఉంటుంది.”

“సమంగా. గీసినట్టు.”

“తిన్నదా?”

“తినలేదు. స్నానం చేసింది. తల నీళ్ళలో ముంచి ముంచి లేపింది. తర్వాత ముక్కుతో రొమ్ము ఈకలు దువ్వుకుంది. మళ్ళీ నా వైపు చూసింది.”

“స్నానం తర్వాత కూడా చెంచా అలాగే ఉందా?”

“అలాగే ఉందమ్మా.” ఆయన బొటనవేళ్ళు మళ్ళీ పక్కపక్కన పెట్టాడు. “అలాగే ఉంది. నీళ్ళు కారుతున్నాయి దాని చివర నుంచి.”

లెన్సు నవ్వు ఎక్కడో ఆగిపోయింది. ఆవిడ ఇలా ప్రశ్నలు వేస్తుంటే, పళ్ళ నమూనాలు పట్టుకుని మనుషుల్ని కిటికీ దగ్గర నిలబెట్టే వదినే మరదలికి కనిపించింది. అదే ఓపిక, ఎదుటివాణ్ణి చిన్నబుచ్చని అదే గొంతు.

“బురదైతే కరిగిపోయేది” అంది వదిన అందరివైపూ తిరిగి. “ఆయన చూశారు. నా పేరు కూడా కింద రాయండి, నేను అడిగి నమ్మానని.”

లెన్సు లెన్సుకి మూత పెట్టుకున్నాడు. “సరే సార్, సారీ” అన్నాడు కాసేపటికి. ఇళ్ళకి బయల్దేరాల్సిన వేళయింది. కార్లు ఒక్కొక్కటే దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయాయి.

*

కార్యదర్శి వెళ్ళలేదు. గట్టు మీద కూర్చుని, మడిచిన టోపీ అంచు సరిచేస్తున్నాడు.

“పోయినేడాది మిమ్మల్ని ఇవేవీ అడగలేదు నేను” అన్నాడు.

“అడగలేదు” అంది వదిన.

“ఇప్పుడు అడిగే మొహం లేదు. అడక్కుండానే మీది రికార్డులో చేరుస్తాను. వచ్చే మీటింగులో అందరి ముందూ చెబుతాను, తప్పు నాదని.”

మరదలి ఛాతీ పొంగింది. ఇన్నాళ్ళకి! ఆ మీటింగుకి తనూ వెళ్ళాలి, లెన్సు ఎదురుగా ముందు వరసలో కూర్చోవాలి, అన్నయ్యనీ లాక్కెళ్ళాలి.

వదిన గట్టు మీది ఉప్పు పెళ్ళ ఒకటి చేతిలోకి తీసుకుని నలిపింది.

“వద్దండీ.”

“అదేమిటమ్మా?”

“మీరు స్నానం చేసిందన్నారు కదా. అప్పట్నుంచీ నాదే గుర్తు చేసుకుంటున్నాను. నాది స్నానం చెయ్యలేదు. పక్కకి తిరగలేదు. ఎదురుగా ఒక్కసారి చూసింది, ఎగిరిపోయింది. ఎండ నా కళ్ళలో ఉంది. చెంచా కనిపించిన మాట నిజం. అది చెంచానో బురదో మాత్రం నేను చెప్పలేను. దాన్ని రాయకండి.”

“వదినా!” మరదలు ఆపుకోలేకపోయింది. “నీకు మతి పోయిందా? ఏడాది పొడుగునా వాళ్ళ చేత నవ్వించుకుని, తీరా ఆయనే ఒప్పుకుంటుంటే...”

“ఆయన ఒప్పుకుంటున్నది వేరే. అడగలేదని ఒప్పుకుంటున్నారు. అది చాలు నాకు.” వదిన చేతులు దులుపుకుంది. “అప్పుడే ఎవరైనా ఎండ ఎటుందని అడిగి ఉంటే, అప్పుడే చెప్పేదాన్నే, తెలీదని. ఒక్కసారిగా నవ్వేసరికి, చూశాను చూశాను అని పట్టుబట్టాను. నవ్వేవాళ్ళ ముందు ‘ఏమో’ అనడం చాలా కష్టమే అమ్మాయీ.”

కార్యదర్శి ఆవిడ వైపు చూసి, చూపు తిప్పుకుని, లేచి నిలబడ్డాడు. తన స్టాండు మూడు కాళ్ళూ ఎత్తి, నాలుగడుగులు పక్కకి జరిపి పెట్టుకున్నాడు. మూడో మడికి ఎదురుగా ఉన్న మంచి చోటు ఖాళీ అయింది.

“సాయంత్రం పోటుకి మళ్ళీ వస్తాయి” అన్నాడు. “మీరిక్కడ పెట్టుకోండి.”

మధ్యాహ్నమంతా ఉప్పు కుప్ప నీడలో కూర్చున్నారు. అరటిపళ్ళు తిన్నారు. కార్యదర్శి సర్వే రోజుల కబుర్లు చెప్పాడు, కొలత గొలుసు పట్టుకున్న మనిషి నిద్రపోతే చెరువు మధ్యలో హద్దురాయి పడిన సంగతి. వదిన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. మరదలు మాత్రం ముఖం ముడుచుకునే ఉంది. కోపం ఎవరి మీదో ఆమెకే తెలియడం లేదు. తను టీకి లాక్కెళ్ళకపోతే వదిన ఇక్కడే ఉండేది, ఆ వెనక వరస చూసేది. ఆ మాట వదిన ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండేది.

పొద్దు వాలుతుండగా సముద్రం వైపు నుంచి పొగలా ఏదో లేచింది. అది వంకర తిరిగి, ఒక్కసారి తెల్లగా మెరిసి, మళ్ళీ నల్లబడి, మడుల మీదికి దిగింది. వేల రెక్కల చప్పుడు వానలా మీద పడింది. పిట్టలు.

“నేను ఎడమ నుంచి” అంది వదిన.

“నేను కుడి నుంచి” అన్నాడు కార్యదర్శి.

మరదలు కాసేపు నిలబడింది. తర్వాత వెళ్ళి వదిన బైనాక్యులర్ తీసుకుని మెడలో వేసుకుంది. “నేను మధ్యలోంచి చూస్తా.”

ఒక్కో పిట్టా. ముక్కు, వదిలెయ్. ముక్కు, వదిలెయ్. తల దాచుకున్నదాని దగ్గర ఆగు. చేతులు లాగాయి, కళ్ళు నీళ్ళు కారాయి. అన్నీ ఒకేలా ఉన్నాయనుకున్న పిట్టల్లో ఒకటి కుంటుతోంది, ఒకటి పక్కదాన్ని పొడుస్తోంది, ఒకటి ఆవులించింది. పిట్టలు ఆవులిస్తాయని ఆమెకి ఇన్నాళ్ళూ తెలీదు. అంతలో దగ్గరి గట్టు వార ఒక చిన్నది ఆమె వైపు తిరిగింది. దాని ముక్కు చివర, గుండ్రంగా, వెడల్పుగా...

“వదినా! చెంచా! వదినా, చెంచా!”

రెండు స్కోపులూ గిర్రున తిరిగాయి. కార్యదర్శి ఊపిరి బిగబట్టడం వినిపించింది. వదిన చెయ్యి పైకెత్తి అలాగే ఉంచింది, ఆగండి అన్నట్టు. పిట్ట తల వంచింది. కాలెత్తి ముక్కు గోక్కుంది. ఒకసారి, రెండుసార్లు. తల విదిలించింది. నల్లటి ముద్ద ఎగిరి నీళ్ళలో పడింది. మిగిలింది సన్నటి, సూదిలాంటి, మామూలు ముక్కు.

మరదలు బైనాక్యులర్ దించలేకపోయింది. చెవులు వేడెక్కాయి. “నాకు నిజంగా కనిపించింది వదినా.”

“కనిపించిందే” అంది వదిన. “నాకూ కనిపించింది. అచ్చం అలాగే ఉంది.” ఆవిడ గొంతులో జాలి లేదు, వేళాకోళం లేదు. ఏడాదిగా మోస్తున్నదేదో కింద పెట్టిన మనిషిలా ఒళ్ళు విరుచుకుంది. “ఎంత అందంగా ఉంది కదూ, బురదైనా!”

కార్యదర్శి ముందు నవ్వాడు. తర్వాత వదిన, తర్వాత మరదలు. ఉప్పు కుప్పల మధ్య ముగ్గురూ అలా నవ్వుతుంటే, పనిముట్లు సర్దుకుంటున్న కూలీలు ఆగి చూశారు.

వెలుగు తగ్గి పిట్టలు మచ్చలయ్యేదాకా చూశారు. చెంచాముక్కు రాలేదు. కార్యదర్శి స్టాండు మడిచి భుజాన వేసుకున్నాడు. “వచ్చే ఏడు చూద్దాం అమ్మా” అని వదినకి చేతులు జోడించి, తన కారు వైపు కదిలాడు. వదిన స్కోపుకి మూతలు పెట్టి, సంచీ జిప్పు లాగి, “పద, నీకు పొద్దున్నే క్లాసులున్నాయి” అంది.

మరదలు కారు తాళాలు చేతిలో పట్టుకుని, చీకటి పడుతున్న మడుల వైపే చూస్తూ నిలబడింది. తర్వాత ఫోను తీసి, రేపు తనకోసం ఎదురుచూసే స్టూడెంటు నంబరు నొక్కింది. అవతల మోగుతుండగా, వెళ్ళిపోతున్న కార్యదర్శిని గట్టిగా కేకేసి పిలిచింది.

“సార్! రేపు పొద్దున పోటు ఎన్నింటికి?”